సందల్ కథకు చివరి పేజీలు

నవంబర్ 21

ఈరోజుతో తొమ్మిదో రోజు. అద్దంలో చూసుకుంటే కళ్ళు ఇంకా పసుపుగానే ఉన్నాయి. డాక్టరు నెల రోజులు కాలేజీ వద్దన్నాడు, నూనె వద్దన్నాడు, కారం వద్దన్నాడు. ఇక మిగిలినవి పెరుగన్నం, చెరుకు రసం, తాత పెట్టే టీవీ వార్తలు. ఊళ్ళల్లో పంచాయతీ ఎన్నికలట, పొద్దున్నుంచీ అవే. పదిహేడేళ్ళకు కామెర్లు తెచ్చుకున్నందుకు ఈ శిక్ష సరిపోతుంది.

సాయంత్రం తస్లీమా వచ్చింది. బస్టాండు వెనక వాళ్ళ నాన్న ముజఫర్ అంకుల్‌కు పాత పేపర్ల దుకాణం ఉంది. తూకానికి వచ్చినవాటిలోంచి ఒక తెలుగు నవల నాకోసం ఏరి తెచ్చింది. దానికి అట్ట లేదు. మొదటి ఆరు పేజీలూ లేవు. పేరేమిటో, ఎవరు రాశారో తెలుసుకునే దారి లేదు.

"ఏందే ఇది, దీనికి మొఖమే లేదు" అన్నాను.

"మొఖంతోని నీకేం పని. సదువు. బీదర్ల బానిసల ముచ్చట. హబ్షీలు, వాళ్ళు."

బానిసలంటే అమెరికాలో పత్తి చేలల్లో ఉండేవాళ్ళని నాకు తెలుసు. బీదర్‌లో ఎందుకుంటారు? బీదర్ మాకు గంట దూరం. గురుద్వారాకు పోయినప్పుడు నేను అక్కడ రెండు ప్లేట్ల మిర్చిబజ్జీ తిన్నాను. మిర్చిబజ్జీ గురించి ఇప్పుడు రాయకుండా ఉండాల్సింది.

నవంబర్ 22

పడవ అధ్యాయం చదివాను. మధ్యాహ్నం అన్నం వదిలేశాను. అమ్మ కామెర్ల వల్ల అనుకుంది, నేనూ అనుకోనిచ్చాను.

నవంబర్ 24

రెండు రోజుల్లో నూట అరవై పేజీలు అయ్యాయి. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

హబష్ దేశం నుంచి, అంటే ఇప్పటి ఇథియోపియా నుంచి, పదేళ్ళ పిల్లను ఎత్తుకొచ్చి ఓడ ఎక్కిస్తారు. అదే ఓడలో గుర్రాలు కూడా ఉంటాయి. గుర్రాలకు ఉడకబెట్టిన శనగలు పెడతారు, పిల్లలకు నీళ్ళు మాత్రమే. రేవులో ఒక గుర్రాల వ్యాపారి ఆమెను కొని ఫిరోజా అని పేరు పెడతాడు. గుర్రాల పేర్లు మాత్రం మార్చడు. ఏ గుర్రం ఏ గుర్రానికి పుట్టిందో తెలిస్తేనే ధర పలుకుతుంది కాబట్టి వాటి పేర్లు భద్రంగా ఉంచుతాడు. ఇది చదివి పుస్తకం మూసేశాను.

ఆ తర్వాత ఆమెను బీదర్‌లో ఒక ఖాన్ కొంటాడు. ఆ ఇంట్లో కూతురి పేరు కూడా ఫిరోజానే. ఒకరిని పిలిస్తే ఇద్దరూ పలుకుతారని బేగం వెంటనే పేరు మార్చేస్తుంది. ఆ గదిలో అప్పుడు గంధం వాసన వస్తోంది, అందుకని సందల్ అని పెడుతుంది. అంతే, మనిషి పేరు మారిపోయింది. కొట్టిన దెబ్బల గురించి చదివినప్పుడు కూడా నాకు ఇంత కోపం రాలేదు. ఆ ఫిరోజా అనే పిల్ల మాత్రం ఏమీ ఎరగనట్టు ఊయల ఊగుతూ ఉంటుంది. దాన్ని పట్టుకుని రెండు చెంపదెబ్బలు కొట్టాలనిపించింది. నేను సందల్‌నే అయితే కొట్టి ఉండేదాన్ని.

నయం, ఇవన్నీ ఐదువందల ఏళ్ళ కిందటి సంగతులు.

నర్సమ్మ జావ తెచ్చింది. నర్సమ్మ మా ఇంట్లో పని చేస్తుంది. చిరాగ్‌పల్లి అవతల ఉన్న మా ఊరి నుంచి రోజూ షేర్ ఆటోలో జహీరాబాద్ వచ్చి, చీకటి పడకముందు వెళ్ళిపోతుంది. నాన్న పుట్టకముందు నుంచీ ఉంది. పనిమనిషి అనడం నాకు ఇష్టం ఉండదు. ఆమె మా ఇంట్లో మనిషే.

కళ్ళు తడిగా ఉన్నాయని ఏమైందని అడిగింది. పేర్లు మార్చిన ముచ్చట చదివి వినిపించాను. జావ గ్లాసు నాకివ్వడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుని విన్నది.

"ఆ పిల్ల అసలు పేరేంది?"

"ఇంకా చెప్పలేదు నర్సమ్మా. దాచిపెట్టిన్రు."

"చెప్పకున్న మంచిదే. ఆ పిల్లకైతే యాదుంటది గద."

జావ చల్లారిపోయింది.

నవంబర్ 26

తస్లీమాతో గొడవ పెట్టుకున్నాను. నేను నర్సమ్మను మంచినీళ్ళు అడిగానట, అది తప్పట. నీళ్ళు అడిగినందుకు కాదు, పిలిచినందుకు.

"మీ అమ్మమ్మ వయసుంటది ఆమెకు. నర్సమ్మా అని పేరు పెట్టి పిలుస్తవా?" అంది.

"చిన్నప్పటి సంది అంతే. మా ఇంట్ల అందరం గట్లనే పిలుస్తం."

"అదే అంటున్న" అంది.

బానిసల నవల తెచ్చిచ్చి ఇప్పుడు నాకు పరీక్ష పెడుతోంది. వారం రోజులు దానితో మాట్లాడను.

నవంబర్ 29

312వ పేజీ దగ్గర పుస్తకం అయిపోయింది. కథ అయిపోలేదు, పుస్తకం అయిపోయింది. వెనక పేజీలు ఎవరో చింపేశారు.

సందల్‌కు విడుదల పత్రం రాసే రోజు అది. దర్బారు నిండా జనం. గుమాస్తా కలం సిరాలో ముంచి, తలెత్తి, "పత్రంలో ఏ పేరు రాయాలి?" అంటాడు. సందల్ నోరు తెరుస్తుంది. ఆ తర్వాత దారం పోగులు, ఎండిన జిగురు.

తస్లీమాకు ఫోన్ చేసి దుకాణం మొత్తం వెతకమన్నాను. మాట్లాడకూడదన్న సంగతి మధ్యలో గుర్తొచ్చింది. పరవాలేదు.

డిసెంబర్ 1

నర్సమ్మ రాలేదు. పంచాయతీ ఆఫీసులో ఏదో పనుందని కబురు పంపింది. నాలుగేళ్ళలో ఇది రెండో నాగా అని నానమ్మ పొద్దున్నుంచీ అంటూనే ఉంది.

డిసెంబర్ 4

ఈరోజు జరిగింది జరిగినట్టు రాయాలి. మధ్యలో నా అభిప్రాయాలు కలపకుండా ఉండడానికి ప్రయత్నిస్తాను.

పది గంటలకు శరణప్ప వచ్చాడు. ఊళ్ళో మా భూమి కౌలుకు చేసేది అతనే. తాత మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. తాత చెబితేనే తన కోడలు నవతను మూడో వార్డు మెంబరుగా నిలబెట్టాడు, ఆ వార్డు ఈసారి ఆడవాళ్ళకు వచ్చింది. మా పాతిల్లు ఉన్నది కూడా ఆ వార్డులోనే. శరణప్ప చేతిలో బంతిపూల దండ ఉంది, మిఠాయి డబ్బా ఉంది.

"తప్పైంది పటేలా. పటేలమ్మనే నిలబడ్తదని ఎరుక లేక నా కోడలితోని నామినేషన్ ఏపిచ్చిన. ఎల్లుండి దాన్క టైముంది, వాపస్ తీసుకుంటం."

తాత టీవీ సౌండు తగ్గించాడు. "ఎవలు నిలబడ్డరు?"

"పంచాయతీ గోడకు కాయితం అంటిచ్చిన్రు గద. బాలమణి అని ఉన్నది. ఊరంత అదే ముచ్చట."

బాలమణి మా నానమ్మ పేరు, ఊరికి ఆమె పటేలమ్మ. నానమ్మ లోపల్నుంచి వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను, కానీ ముందు కొంగు సర్దుకుంది.

"నేనెందుకు నిలబడ్త శరణప్పా" అంది. అన్నది గానీ ఆ గొంతులో కొంచెం సంతోషం ఉంది. నాకు వినపడింది కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు నర్సమ్మ చాయ తెచ్చింది. ట్రే బల్ల మీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, నిటారుగా నిలబడింది.

"గది నేను" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"గోడ మీదున్న పేరు నాది. బాలమణి అంటే నేను."

"నీ పేరు నర్సమ్మ గదనే" అన్నాడు శరణప్ప.

"ఈ ఇంట్ల నర్సమ్మ. ఈ ఇంటిని జూసి మీకందరికి నర్సమ్మ. మా అమ్మ పెట్టింది బాలమణి. ఓటర్ల లిస్టుల అదే ఉన్నది."

తాత నానమ్మ వైపు చూశాడు. నానమ్మ నేల వైపు చూసింది. ఆమెకు తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. శరణప్ప దండ ఎవరికీ వేయకుండా తిరిగి పట్టుకుపోయాడు. కోడలి నామినేషన్ ఇక వాపస్ తీసుకోనన్నాడు. మిఠాయి డబ్బా మాత్రం మర్చిపోయాడు.

మధ్యాహ్నం నేను నానమ్మను వదల్లేదు. చివరికి చెప్పింది. నలభై ఆరేళ్ళ కిందట నానమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. అదే నెలలో పదేళ్ళ పిల్లను పనికి పెట్టుకున్నారు. ఆ పిల్ల పేరూ బాలమణే. పిలిస్తే ఇద్దరూ పలుకుతారు, కోడలి పేరు పనిపిల్లకు ఉంటే ఎట్లా, అని తాతవాళ్ళమ్మ పేరు మార్చేసింది. అంతకుముందు పని చేసి చనిపోయిన ఆమె పేరు నర్సమ్మ. ఇంట్లో అందరికీ ఆ పిలుపు అలవాటైపోయి ఉంది. కొత్త పేరు ఎవరు గుర్తుపెట్టుకుంటారని అదే పెట్టారు.

నేను గదిలోకి పోయి పుస్తకంలో ఆ పేజీ తీశాను. బేగం, గంధం వాసన, పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. మాటలు కూడా అవే. అక్కడ కనీసం గంధం ఉంది. మా ఇంట్లో చచ్చిపోయిన మనిషి పేరు తీసి బతికున్న పిల్లకు తొడిగారు.

నేను 312 పేజీలూ నన్ను సందల్ అనుకుని చదివాను. నేను సందల్‌ను కాను. ఊయల ఊగుతున్న ఆ పిల్లను నేను. సిగ్గేసింది. ఇంతకన్నా మంచి మాట దొరకలేదు.

డిసెంబర్ 5

నిన్న రాసింది కొంచెం ఎక్కువ చేసి రాశాననిపిస్తోంది. జ్వరం కూడా ఉంది.

తాత చెడ్డవాడు కాదు. పొద్దున నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పాడు. "నిలబడనీ, నాకేం ఫికర్ లేదు. శరణప్పకు చెప్పి నేనే వాపస్ తీపిస్త, రేపటి దాన్క ఆగకుండ ఇయ్యాల్నే. కని పాంప్లెట్ మీద నర్సమ్మ అనే ఉండాలె. ఊళ్ళె అందరికి ఎరుకైన పేరు అదే. బాలమణి అంటే మీ నానమ్మ అనుకుంటరు, ఇంటి మర్యాద ఉండది."

ఆలోచిస్తే అందులో తప్పేముంది? ఊరికి తెలిసిన పేరే కదా. పోటీ లేకుండా గెలుస్తుంది. గెలిచాక ఏ పేరు కావాలంటే ఆ పేరు పెట్టుకోవచ్చు. ఇది నాకు తోచిన ఆలోచనే, తాత చెప్పినందుకు కాదు. అందుకే నేనే వంటింట్లోకి పోయి ఆమెకు చెప్పాను. ఏమని పిలవాలో తెలియక ఏమీ పిలవకుండానే చెప్పాను.

ఆమె పప్పు గిన్నె దించి స్టౌ ఆపింది.

"నిన్న శరణప్ప దండ పట్టుకొచ్చినప్పుడు నేను ఊకుంటే ఏమయితుండె?"

"రేపటికి నువ్వే మెంబర్ అయిపోతుంటివి."

"నేను కాదు బిడ్డా, పటేలమ్మ అయితుండె. అందుకే చెప్పిన. ఇప్పుడు నర్సమ్మ అని ఏస్తే నర్సమ్మ గెలుస్తది. ఆమె సచ్చిపోయి యాభై ఏండ్లాయె. ఆమెకెందుకు మెంబరు?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆమెకు ఏదీ రాలేదు.

"మా గల్లీకి నల్ల నీళ్ళు రావాలె. సంఘం ఆడోళ్ళు నన్ను నిలబడుమన్నరు. ఓడిపోయినా బాలమణినే ఓడిపోవాలె. మీ తాతకు గదే చెప్పు" అంది. తర్వాత నానమ్మ దగ్గరికి పోయి ఓట్ల దాకా పనికి రానని చెప్పింది. అడగలేదు, చెప్పింది.

డిసెంబర్ 8

ఆమె లేని మూడో రోజు. నాన్న చాయలో ఉప్పు వేసుకున్నాడు. అమ్మ బడికి ఆలస్యంగా పోయి హెడ్మాస్టరుతో మాటలు పడింది. తాత చెప్పులు ఎక్కడుంటాయో తాతకు తెలియదని ఈరోజు తేలింది.

నానమ్మ చపాతీలు చేసింది. పక్కన కూర్చుని అడిగాను. "నానమ్మా, నిన్ను బాలమణి అని ఎవరు పిలుస్తరు?"

"ఏం పిచ్చి ప్రశ్నే."

"చెప్పు, ఎవరు?"

చపాతీ కర్ర ఆగింది. తాత 'ఇగో' అని పిలుస్తాడు. అత్తగారు 'కోడలు పిల్లా' అనేది. ఊళ్ళో పటేలమ్మ. నాన్నకు అమ్మ, అమ్మకు అత్తమ్మ, నాకు నానమ్మ.

"మా నాయిన పిలుస్తుండె. ఆయన పోయి ముప్పయ్ ఏండ్లయింది" అంది.

అంటే ఆ పిల్ల దగ్గర తీసుకుని ఈమెకోసం దాచిన పేరును ఈ ఇంట్లో ఎవరూ ఒక్కసారి కూడా వాడలేదు. పెళ్ళి పట్టుచీర బీరువాలో పెట్టి మడతల దగ్గర చినిగేదాకా ఉంచినట్టు ఉంచారు. ఇది నానమ్మకు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. చపాతీ మాడిపోయింది.

డిసెంబర్ 10

డాక్టరు బయట తిరగొచ్చన్నాడు. ఊరికి పోవచ్చని అనలేదు, పోవద్దనీ అనలేదు. తస్లీమాను వెంటబెట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. వార్డు ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి సందల్ కథ చదివి వాళ్ళ కళ్ళు తెరిపించాలని నా ఆలోచన. దారిలో చెబితే తస్లీమా నవ్వు కనపడకుండా ఆటో బయటికి చూసింది. దాని మర్యాద నాకు తెలుసు.

వాళ్ళు ఒక చేను గట్టు మీద అల్లం దులుపుతున్నారు. పదిహేను మంది ఉంటారు. తవ్విన అల్లం గడ్డలకు మట్టి విదిలించి, వేళ్ళు తుంచి కుప్ప పోస్తున్నారు. మధ్యలో ఆమె. మమ్మల్ని చూసి గోనెపట్టా పరిచింది. నేను చదవడం మొదలుపెట్టాను. ఎవరూ పని ఆపలేదు. ఫిరోజాను సందల్‌గా మార్చిన చోటికి వచ్చేసరికి ఒకామె ఫక్కున నవ్వింది.

"గదేం కొత్త ముచ్చట. నా పేరు కమలాబాయి. నేను పని చేసిన సేట్ ఇంట్ల అత్తమ్మ పేరు అదేనట. ఇరవై ఏండ్లు నన్ను సోమవారం అని పిలిచిన్రు, సోమారం నాడు పనికి కుదిరిన్నని."

ఇంకొకామె తన పేరు చెప్పింది. ఆ పక్కామె చెప్పింది. మహబూబీ అనే ముసలామెను నలభై ఏళ్ళుగా ఊరంతా 'బోదకాలామె' అంటుందట, ఆమె తన పేరు చెప్పినప్పుడు తస్లీమా లేచి పోయి ఆమె పక్కన కూర్చుంది. నవ్వుతూనే చెప్పుకున్నారు. ఒకరి పేరు ఒకరు గట్టిగా పిలిచి చూసుకున్నారు. పక్కపక్క ఇళ్ళల్లో ముప్పై ఏళ్ళు ఉన్నవాళ్ళు కొందరు ఈరోజే ఒకరికొకరు అసలు పేరు చెప్పుకున్నారు. నేను పుస్తకం మూసేశాను. నేను తెరవాల్సిన కళ్ళు అక్కడ ఏవీ లేవు.

వచ్చేముందు ఆమె అడిగింది. "ఆఖరుకు ఆ పిల్ల తన పేరు చెప్పిందా?"

అందరూ నా వైపు చూశారు. పేజీలు చిరిగిపోయాయని, దుకాణంలో వెతికినా దొరకలేదని చెప్పడానికి నోరు రాలేదు.

"చెప్పింది. మొదటిసారి గుమాస్తాకు వినపడలేదు, వేరే ముచ్చట్ల పడ్డడు. ఆమె ఆగుమని, మళ్ళ చెప్పింది. దర్బారంత ఇన్నది."

"ఏం పేరు?"

"వాళ్ళ భాషల ఉన్నది. నాకు పలక రాదు."

ఆమె నన్ను కాసేపు చూసి, "మంచిగ చేసింది" అంది. తిరుగు ఆటోలో తస్లీమా నా చెవిలో, "పచ్చి అబద్ధం. బాగుంది" అంది.

డిసెంబర్ 12

మా గేటుకు ఎవరో పాంప్లెట్ అంటించారు. గుర్తు గ్యాస్ పొయ్యి, పేరు బాలమణి. తాత కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. గోటితో ఒక మూల లేపాడు. తర్వాత అదే మూలను బొటనవేలితో నొక్కి మళ్ళీ అతికించి లోపలికి వచ్చాడు. నేను పైనుంచి చూశానని ఆయనకు తెలియదు.

డిసెంబర్ 14

గెలిచింది. గెలిచింది. మొదట ఇది రాసి తర్వాత మిగతాది రాస్తాను.

పొద్దున్నే ఇంట్లో ఓటున్న నలుగురూ కారులో ఊరికి పోయారు, నేను ఊరికే పోయాను. పోలింగు బడిలో. నేను గేటు బయటే నిలబడ్డాను, కాబట్టి లోపల జరిగింది నానమ్మ చెప్పింది. తర్వాత ఆమె కూడా చెప్పింది, రెండూ కలిశాయి.

వరసలో నానమ్మ, నానమ్మ వెనకాలే ఆమె. లిస్టు చూసే ఆఫీసరు నానమ్మ చీటీ తీసుకుని, "బాలమణి" అని గట్టిగా పిలిచాడు. నానమ్మ కదల్లేదు. ఎవరినో అనుకుందట. వెనక నుంచి ఆమె మెల్లగా, "మిమ్ములనే, పోండ్రి" అంది. నానమ్మ వేలికి సిరా పెట్టారు. తర్వాతి చీటీ చూసి ఆఫీసరు మళ్ళీ, "బాలమణి" అన్నాడు, తలెత్తి, "మళ్ళ బాలమణేనా?" అన్నాడు.

"ఔ సారూ, ఇద్దరమున్నం" అంది ఆమె.

వరసంతా నవ్విందట. నానమ్మ కూడా నవ్విందట. ఒకరిని పిలిస్తే ఇద్దరూ పలికితే ఏమవుతుందో నలభై ఆరేళ్ళ తర్వాత తెలిసింది. ఏమీ కాదు, జనం నవ్వుతారు.

రెండింటికి లెక్కింపు మొదలైంది. ముందు వార్డులవి. మూడుంపావుకు మైకులో చదివారు. గౌను గుర్తు, నవత, యాభై ఎనిమిది. గ్యాస్ పొయ్యి గుర్తు, బాలమణి, తొంభై ఏడు. అల్లం దులిపిన ఆడవాళ్ళంతా ఒక్కసారి అరిచారు. డప్పులు మోగాయి. ఎవరో గులాల్ గుప్పిట నిండా తెచ్చి ఆమె తల మీద పోశారు. మహబూబీ కుంటుకుంటూ వచ్చి ఆమె బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని, "బాలమణీ, ఓ బాలమణీ" అని పాడినట్టు అంది. నేను గంతులేశాను. కామెర్లు తగ్గిన మనిషి అట్లా గంతులేయకూడదని అమ్మ అరుస్తూనే ఉంది, తనూ చప్పట్లు కొడుతూనే ఉంది.

శరణప్ప వచ్చి దండ వేశాడు. ఈసారి సరైన మనిషికే వేశాడు.

డిసెంబర్ 16

పొద్దున ఆమె ఇంటికొచ్చింది. ఇక మధ్యాహ్నం దాకానే పని చేస్తుందట, మీటింగులు ఉంటాయట. హాల్లో నిలబడి చెబుతోంది. లోపలి గదిలోంచి తాత ఎప్పటిలాగే, "నర్సమ్మా, చాయ" అన్నాడు.

ఎవరూ పలకలేదు. తాత మళ్ళీ పిలిచాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

నానమ్మ లేచింది. "ఆ పేరు గల్లామె మన ఇంట్ల లేదు" అని లోపలికి వినపడేట్టు అంది. తర్వాత ఇటు తిరిగి, ఆ మాట నోట్లో తిరగక కొంచెం తడబడి, "బాలమణీ, నువ్వు కూసో. చాయ నేను పెడ్త" అంది.

తన పేరుతో తాను ఇంకొకరిని పిలవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. నానమ్మ వంటింట్లో చాలాసేపు ఉంది. చాయ నాలుగు కప్పులు తెచ్చింది. ఆమె కుర్చీలో కూర్చుని తాగింది. తాత వచ్చి, చూసి, తన కప్పు తీసుకుని ఎదురుగా కూర్చున్నాడు. "నల్ల సంగతి ముందు పట్టుకో. ఇంజనీరు నంబరు నా దగ్గర ఉన్నది" అన్నాడు.

డిసెంబర్ 22

ఈరోజు ప్రమాణ స్వీకారం. పంచాయతీ ముందు షామియానా వేశారు. నేనూ, తస్లీమా, నానమ్మా ముందు వరసలో కూర్చున్నాం. సెక్రటరీ ముక్క ముక్క చదువుతాడు, మెంబర్లు వెంట పలకాలి. ముందు మీ పేరు చెప్పి 'అను నేను' అనాలని అందరికీ నేర్పాడు.

ఆమె వంతు వచ్చింది. ఆకుపచ్చ చీర కట్టింది. మైకు ముందు నిలబడి, "బాలమణి అను నేను" అంది. సరిగ్గా అప్పుడే మైకు గుర్రుమంది. ఎవరికీ వినపడలేదు. సెక్రటరీ పట్టించుకోకుండా తర్వాతి ముక్కకు పోయాడు. ఆమె పోలేదు.

"జర ఆగు సారూ" అంది.

మైకును తనే దగ్గరికి లాక్కుంది. షామియానా అంతా సద్దుమణిగింది. అప్పుడు ఇంకోసారి చెప్పింది, ఊరి చివర ఉన్నవాళ్ళకు కూడా వినపడేట్టు. "బాలమణి అను నేను."

నా పక్కన నానమ్మ కళ్ళు తుడుచుకుంది. తస్లీమా నా చేయి గిల్లింది. అది నేను కల్పించి చెప్పిన చివరి పేజీ. అల్లం చేను గట్టు మీద అప్పటికప్పుడు అల్లిన అబద్ధం నా కళ్ళముందు నిలబడి ప్రమాణం చేస్తోంది.

తర్వాత దండలన్నీ అయ్యాక నా దగ్గరికొచ్చింది. "పుస్తకంల ఉన్నట్టే చేసిన, చూసినవా?" అంది.

ఇక దాచలేకపోయాను. "పుస్తకంల అది లేదు. ఆఖరి కాయితాలు చింపిన్రు. నేనే కల్పిచ్చి చెప్పిన."

"నాకెరుకే."

"ఎట్ల?"

"ఆ ముచ్చట చెప్పేటప్పుడు నువ్వు పుస్తకం తెరువలె. నా మొఖం చూసుకుంట చెప్పినవ్."

ఇన్ని రోజుల నుంచీ అడగాలనుకుంటున్నది అడిగేశాను. "నిన్ను ఏమని పిలవాలె? అవ్వా అందునా?"

ఆమె మెడలో దండ తీసి నా చేతిలో పెట్టి ఆలోచించింది.

"అవ్వ అనేటోళ్ళు ఇంట్ల మస్తుమంది ఉన్నరు బిడ్డా. పేరు పిలిచేటోళ్ళు ఇప్పుడే మొదలైన్రు. నువ్వు పేరు పెట్టే పిలువు."

"బాలమణీ" అన్నాను.

"ఆఁ" అంది.

పనేమీ లేకపోయినా ఇంకోసారి పిలిచాను. ఇంకోసారి పలికింది.